బస్సు రాని ఊళ్లో బస్సు బూర

మా నాయన నల్లమలలో పాత గుంతలో పడి, ఒక పగలూ ఒక రాత్రీ శంఖం ఊదినాడు. కొండకింది ఊళ్లో అందరికీ అది వినిపించింది. ఒక్కరూ రాలేదు.

వాళ్లేం రాతిగుండెల వాళ్లు కారు. మా వైపు పీనుగ ముందు దాసరాయన శంఖం ఊదుకుంటూ నడుస్తాడు. అడవి దిక్కు నుంచి ఆ మోత వినగానే పక్క పల్లెలో ఎవరో పోయినారనుకుని, పాపం అని ఒక మాట అనేసి ఎవరి పనిలో వాళ్లు పడ్డారు. మర్నాడు కట్టెలకు పోయినవాళ్లు చూసి మోసుకొచ్చారు. మేము బండి కట్టుకుని పోయి అడిగితే ఆ ఊరి పెద్దాయన ఏ దాపరికమూ లేకుండా చెప్పాడు.

"శంఖు విన్నెం లేప్పా. ఎవురో పోయినారనుకుంటిమి. పోయినోని కాడికి పరిగెత్తి ఏం చేస్తాం?"

ఆ శంఖాన్ని దేవుడి గూట్లోంచి తీసి నాయన సంచిలో పెట్టింది నేనే. చాలా దూరం వినబడుతుందన్న తెలివి ఉంది గానీ, విన్నవాడు ఏమనుకుంటాడన్న తెలివి లేకపోయింది.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలు. మాది శిరివెళ్ల దగ్గర పల్లె, తాతల నాటి సేద్యం. అందరూ వరి, జొన్న అని బతుకుతుంటే మా నాయనకు ముగ్గురాయి పిచ్చి పట్టింది. ముగ్గురాయంటే తెల్లగా, చెయ్యి జారేంత బరువుగా ఉండే రాయి. పొడి కొట్టి రంగుల్లో కలుపుతారని నంద్యాలలో ఎవరో చెప్పారు. ఆళ్లగడ్డ అవతల కొండల్లో దాని చార ఒకటి చూశానని నాయన నమ్మకం. తవ్వి చూసుకోవడానికి పర్మిట్టు తెచ్చుకున్నాడు. ఆ ఎండాకాలం దాటేలోపల రాయి చూపించకపోతే పర్మిట్టు మురిగిపోతుంది. సరిగ్గా అప్పుడే ఆయన గుంతలో పడ్డాడు. కుడి మణికట్టు విరిగింది. కట్టు కట్టే ముసలాయన అతికించాడు కానీ ఆ పిడికిట్లో బలం తిరిగి రాలేదు.

కట్టు విప్పిన రోజే నాయన సుత్తి కోసం వెతికాడు. దాన్ని అమ్మ దాచింది.

"మళ్లా కొండకేనా?" అంది.

"కొండకే."

అమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. గుమ్మంలో చతికిలబడి నాతో చెప్పినట్టుగా ఆయనకు చెప్పింది. "నీళ్లు లేక నాలిక ఎండి, పిలిస్తే ఎవురూ రాక పడుండినాడు మీ నాయన. అది నేను మళ్లా పడలేను. ఏది మోగిస్తే మనిషి ఉరికొస్తాడో అది తెచ్చి చూపించండి, పంపిస్తా. ల్యాకుంటే ఆ సుత్తి బావిలో ఏస్తా."

అమ్మ మాటంటే మాటే. నాయన ఆ చార మీద ఆశతోనే అన్నం తింటున్నాడని నాకు తెలుసు. సుత్తి బావిలో పడితే ఆయన మా మధ్యే తిరుగుతూ బతుకుతాడు గానీ, మనిషి మిగలడు. అందుకని ఆ వస్తువు వెతికే పని నేను నెత్తికెత్తుకున్నాను. నాకప్పుడు పంతొమ్మిదేళ్లు. ఎనిమిదో తరగతి దాకా చదివి, ఇంట్లో కూర్చుని, పెళ్లి సంబంధాల వాళ్లకు మంచినీళ్లు అందించడం తప్ప వేరే ఉద్యోగం లేదు.

మా పెదనాయన ఇంటికి పెద్ద. అన్నింటికీ ఆయన దగ్గర ఒక జవాబు ఉంటుంది. "తుపాకీ ఉండంగా ఎతుకులాటేందీ?" అన్నాడు. లైసెన్సు తుపాకీ ఆయనది. దాన్ని ఏడాదికొకసారి నూనె పెట్టి తుడవడం తప్ప పేల్చింది మేము చూడలేదు. సరే, పరీక్ష పెట్టుకున్నాం. నేనూ నాయనా కొండకింది ఊళ్లో ఒక ముసలవ్వ అరుగు మీద కూర్చున్నాం. పెదనాయన జీతగాణ్ణి వెంటేసుకుని కొండెక్కి రెండు గుండ్లు పేల్చాడు.

ఉన్న తలుపులన్నీ టపటపా పడ్డాయి. ఒకాయన పొయ్యి మీది కుండ దించి గడ్డివామిలో దాచాడు. అందులో ఏం ఉడుకుతోందో మేము అడగలేదు. తుపాకీ పేలిందంటే వేటగాళ్లు, వేటగాళ్ల వెనక అడవి గార్డులు, గార్డుల వెనక సాక్ష్యాలూ కచేరీలూ. అవ్వ మమ్మల్ని కూడా లోపలికి రమ్మని గడియ పెట్టింది.

తర్వాత నేను నంద్యాలలో ఒక ఈల కొన్నాను. చెవులు చిల్లులు పడే ఈల. కొండ మలుపులో నిలబడి బుగ్గలు నొప్పెట్టేదాకా ఊదాను. కట్టెలు కొట్టుకుంటున్నవాళ్లు వినడం విన్నారు. మోపులు అక్కడే పారేసి పరుగెత్తారు. కానీ నాకు కనిపించినవి వాళ్ల వీపులు. అడవి గార్డుల దగ్గర సరిగ్గా అలాంటి ఈలే ఉంటుందట.

"అయిపాయ గదా," అన్నాడు పెదనాయన సంతోషంగా. "నాయనా బిడ్డా ఇంగ ఇంట్లో కూచోండి. కొండ యాడికీ పోదు."

ఒళ్లు మండింది నాకు. ఆయన మా నాయన ప్రాణం కోసం కాదు, తన మాట నెగ్గినందుకు సంతోషపడుతున్నాడు. పెద్దవాళ్లను అలా అనుకోకూడదని నాకు అప్పుడూ చెప్పారు, ఇప్పుడూ చెబుతారు. ఉన్నమాట అనుకోవడానికి ఒకరి అనుమతి దేనికి?

ఆ పూట నుంచీ చప్పుళ్లు వినడమే పనిగా పెట్టుకున్నాను. వింటే తెలిసింది, మా చుట్టూ ఖాళీగా పడి ఉన్న చప్పుడంటూ లేదని. రేకుడబ్బా కొడితే చేలల్లో పందుల్ని తోలుతున్నారని. తప్పెట కొడితే తలారి చాటింపు వేస్తున్నాడని. గంట కొడితే గుడి. పోనీ పొగ పెడదామంటే, ఎండాకాలం కొండకు ఎప్పుడూ ఎక్కడో ఒకచోట పొగ ఉండనే ఉంటుంది. విన్నవాడు పరుగెత్తి రావాలి, అదే సమయంలో అది మామూలుగా ఆ అడవిలో ఎప్పుడూ వినబడనిది కావాలి. ఇది తేలేసరికి పదిరోజులు పట్టింది. అలాంటిది ఏదన్నది మాత్రం తేలలేదు.

మేనత్తను చూడడానికి అమ్మతో నంద్యాల పోయి వస్తున్నప్పుడు తేలింది. శిరివెళ్ల దగ్గర బస్సు డ్రైవరు కిటికీలోంచి చెయ్యి చాపి బూరకున్న రబ్బరు బుడ్డ పిసికాడు. పాం, పాం. చేలగట్ల మీద నుంచి జనం పడుతూ లేస్తూ ఉరికొచ్చారు. ఒకామె చంకలో పిల్ల, చేతిలో కోడి, నోట్లో కొంగు. ఇదే బూర దారే లేని కొండలో మోగితే?

"అమ్మా, ఇదే!" అని బస్సులో అరిచాను. అందరూ తిరిగి చూశారు. అమ్మ నా చెయ్యి గిల్లింది.

మరుసటి వారం నాయనను లాక్కుని మళ్లీ నంద్యాల పోయాను. బస్సులు నిలిచేచోట ఒక మరమ్మతు షెడ్డు ఉండేది. పాడైపోయిన బస్సు సామాన్లలోంచి మెలిక తిరిగిన ఇత్తడి బూర ఒకటి తీశాడు షెడ్డాయన. "ఏ బండికి పాపా?" అన్నాడు. "బండికి కాదన్నా, కొండకి," అన్నాను. ఆయనకు నా మీద జాలేసినట్టుంది, బుడ్డకు పడిన చిల్లికి అప్పటికప్పుడే అతుకు వేసిచ్చాడు. నాయన పిసికి చూశాడు. కుడిచేత్తో పిసికితే గాలి తప్ప చప్పుడు రాలేదు. ఎడమచేత్తో పిల్లి అరిచినట్టు అరిచింది. నేను తీసుకుని పిసికితే షెడ్డు రేకులు అదిరాయి. దాన్ని తాడు కట్టి మెడలో వేసుకున్నాను.

అదలాగే వేసుకుని ఊళ్లోకి వస్తే వీధి వీధంతా నవ్వింది. "పెండ్లి కావల్సిన పిల్ల మెడలో అదేందీ?" అని పెదనాయన తల పట్టుకున్నాడు. నవ్వేవాళ్ల ముందు ఇంకో రెండుసార్లు పిసికాను.

కొండకింది ఊరికి ముందుగా చెబితే అది పరీక్ష కాదు. అందుకని చెప్పకుండా నాయనతో కొండ మొదట్లో చెట్ల చాటుకు పోయి మోగించాను. రెప్పపాటులో ఊరు కదిలింది. ఆడా మగా, పిల్లా జెల్లా, పొలాల మీదుగా దుమ్ము రేపుకుంటూ వస్తున్నారు. నేను నాయన భుజం పట్టుకుని ఎగిరి గంతులేశాను. గెలిచానన్న పొగరు నాకు నిలువెల్లా ఎక్కింది.

దగ్గరకొచ్చాక చూశాను. వాళ్ల చేతుల్లో తాళ్లు లేవు, కర్రలు లేవు. మూటలున్నాయి. ఒకామె నేతిముంత పట్టుకుని ఉంది. ఒక పిల్లకు మొహం కడిగి సగం పౌడరు రాసి ఉంది. పెద్దాయన తలపాగా చుట్టుకుంటూనే వస్తున్నాడు. తమ ఊరికి దారి వేసి బస్సు తిప్పండని వాళ్లు ఎన్నేళ్లుగానో ఆళ్లగడ్డలో అర్జీలిచ్చుకుంటున్నారట. బస్సు వచ్చిందనుకున్నారు.

మా ఇద్దరినీ, నా మెడలో బూరనూ చూసి అందరూ నిలబడిపోయారు. ఎవరూ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. తుపాకీ రోజు మమ్మల్ని ఇంట్లో దాచిన అవ్వ ముందుకొచ్చింది.

"మాతోటి ఆడుకుంటాండావా పాపా?"

సిగ్గుతో బూరను పైట చాటున దాచుకున్నాను. గుంతలో నాయన పడ్డ పాటూ, అమ్మ పెట్టిన షరతూ అన్నీ నాయనే నెమ్మదిగా చెప్పాడు. శంఖం విని రాకపోయిన రోజు గుర్తొచ్చి పెద్దాయన తల వంచుకున్నాడు. అవ్వ మాత్రం నా మొహంలోకే చూస్తూ అంది. "సరే. ఇది బస్సు కాదని ఇప్పుడు తెలిసె. ఇంగ ఈ కూత ఇనబడితే మీరు పడినట్టే. వస్తాం. ఊరికే మోగిస్తివా, ఆ బుడ్డ కోసి నీ చేతిలో పెడతా."

అమ్మకు ఉన్నదున్నట్టు చెప్పాను, నా సిగ్గుతో సహా. లోపలికి పోయి సుత్తి తెచ్చి నాయన ముందు పెట్టింది. బూర పిసకడానికి నాయన చెయ్యి చాలదు కాబట్టి వెంట నేను పోవాలి. అది కూడా అమ్మే అంది. పెదనాయన "నేను బతికుండంగా ఆడపిల్ల కొండెక్కేది లేదు" అన్నాడు. ఆయన బతికే ఉన్నాడు, నేను ఎక్కాను.

రెండుసార్లు పోయొచ్చాం. ఆ చార మీద మట్టి తీసేకొద్దీ తెలుపు ఇంకా లోతుకు సాగుతోంది. నాయన మొహంలో పదేళ్ల వయసు తగ్గింది. మూడోసారి, వీపున రాళ్ల సంచితో దిగుతూ పాత గుంత గట్టు మీద కాలు పెట్టాను. గట్టు నాతోపాటే లోపలికి వచ్చింది. మోకాలి కింద ఎముక పట్ మనడం చెవులారా విన్నాను. పై నుంచి నాయన పిలుస్తున్నాడు, ఒక చేత్తో ఏ కొమ్మనో విరవాలని చూస్తున్నాడు. ఎంత భయపడ్డానంటే కాసేపు బూర సంగతే మరిచిపోయాను. తర్వాత రెండు చేతులా పట్టుకుని పిసికాను. పిసికి, ఏడ్చి, మళ్లీ పిసికాను.

వాళ్లు వచ్చారు. ఈసారి మూటల్లేవు. తాళ్లు, నీళ్లకుండ, అవ్వ పడుకునే నులకమంచం. నన్ను పైకి లాగి, మంచం మీద వేసి, వంతులవారీగా భుజాలు మార్చుకుంటూ ఆళ్లగడ్డ దాకా మోశారు. బస్సెప్పుడొస్తుందని దారిలో ఒక్కరూ అడగలేదు.

నాకు కట్టు కట్టిన మూడోరోజు పెదనాయన వచ్చాడు. పంచలో కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. అమ్మ ఎప్పటిలాగే తలుపు వెనక నిలబడింది. పెళ్లయి వచ్చినప్పటి నుంచీ ఆమె బావగారి ఎదుటికి రాలేదు, ఏం చెప్పాలన్నా తలుపు చాటునుంచే.

"ఎముక ఇరిగింది, ఊరంతా తెలిసె. ఈ పిల్లను ఎవురు చేసుకుంటారు?" అన్నాడు పెదనాయన. నాయన వైపు తిరిగాడు. "పర్మిట్టుకు ఇంగ పదిదినాలుంది. నీ చేతిలో సత్తువ ల్యాదు, ఈ పిల్లకు కాలు ల్యాదు. ఇంగెవురు పోతారు నీ ఎంట? చాలిచ్చుకో."

నేను మంచం మీద నుంచి లేవబోయాను. లేవలేక పళ్లు కొరుక్కున్నాను. అప్పుడు అమ్మ బయటికి వచ్చింది. తల మీద కొంగు సర్దుకుంది, అంతే. మంచం కోడుకు తగిలించిన బూర తీసింది. పొద్దునా సాయంత్రం నాలుగు బర్రెల పాలు పిండే చెయ్యి అది. ఒక్క పిసుకు పిసికేసరికి పెదనాయన కుర్చీలోంచి ఎగిరిపడ్డాడు. వీధిలో తలుపులన్నీ తెరుచుకున్నాయి.

"నేను పోతాండా బావా," అంది అమ్మ, ఆయన మొహంలోకి చూసి.