ముప్పై ఒక్క ముఖాల్లో నాది

ఆ రోజుల్లో మెదక్ పట్టణమంతా నన్నే చూస్తోందని నాకు గట్టి నమ్మకం. చొక్కాకు గుండీ ఒకటి ఊడితే, బస్టాండు దాకా ఎదురొచ్చిన ప్రతివాడి కళ్ళూ దాని మీదే ఉన్నాయనుకునేవాణ్ణి. (ఎవరూ చూడలేదని తెలిస్తే మళ్ళీ అదో బాధ.) డిగ్రీ అయిపోయి ఇంట్లో ఖాళీగా కూర్చుంటే, మా మేనమామ తీసుకెళ్ళి ఒక ఫ్లెక్సీల దుకాణంలో డిజైనర్‌గా పెట్టించాడు. ఓనర్‌ని అందరూ భాయ్ అనేవారు. మంచి మనిషే గానీ, మొదటిరోజే నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పాడు: "తమ్మీ, అక్షరం తప్పు పోతే పబ్లిక్ మాఫ్ చేస్తరు. మొఖం తప్పు పోతే చెయ్యరు. గట్లయిన్నాడు నీ మొఖం నాకు సూపియ్యకు." నాకంటే ముందున్న డిజైనరు, ఒకరితో ఒకరికి మాటల్లేని బావనూ బావమరిదినీ ఒకే ఫ్లెక్సీలో పక్కపక్కన పెట్టి, ఉద్యోగం ఊడి ఇల్లు చేరాడట.

మూడో నెలలో ఒక నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ వచ్చింది. మధ్యలో నాయకుడు నిలువెత్తున, కింద గుండ్రటి గళ్ళలో ముప్పై ఒక్కమంది అభిమానులు, ఒక్కొక్కరి కింద పేరు. ఇలాంటి ఫొటోలు ఒకేసారి రావు. ఖాళీ గళ్ళు చూడ్డానికి బోసిగా ఉంటాయని, రానివాళ్ళ చోట నా పాస్‌పోర్టు ఫొటో పెట్టుకుని, వచ్చినకొద్దీ మార్చడం నాకు అలవాటు. (పెద్దల మధ్య నేనెలా ఉంటానో చూసుకునే సరదా కూడా లేకపోలేదు.) సాయంత్రం నమూనాను వాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టాం. ఒకాయన మీసం నల్లబరచమన్నాడు, ఇంకొకాయన తన తల కొంచెం పెద్దది చేయమన్నాడు, శంకరంపేట ఆయన తనను నాయకుడి వైపు జరపమన్నాడు. అందరి ముచ్చటా తీర్చి ప్రింటుకు పంపాను.

మర్నాడు పొద్దున బండి మీద వస్తూ చౌరస్తాలో తలెత్తాను. అంత పెద్ద ఫ్లెక్సీలో నాయకుడు కనిపించలేదు, అక్షరాలు కనిపించలేదు. రెండో వరుసలో చివరి నుంచి మూడోవాడు కనిపించాడు. అది నేనే. కింద ఎవరిదో పేరు, పైన నా ముఖం, చిరునవ్వుతో. బండి పక్కకు ఆపాను. నా ముఖం గంటగంటకీ పెరుగుతుందనీ, మధ్యాహ్నానికి నాయకుణ్ణి మించిపోతుందనీ అనిపించింది.

దుకాణంలో కూర్చున్నానే గానీ, ఫోన్ మోగినప్పుడల్లా భాయ్ వంక చూసేవాణ్ణి. ఉద్యోగం పోతే మామకు ఏం చెప్పాలో మనసులో వాక్యాలు కూర్చుకున్నాను. నీళ్ళ వంకతో మూడుసార్లు చౌరస్తాకు వెళ్ళొచ్చాను. అభిమానులు ఒక్కొక్కరే వచ్చారు, తమ ముఖం వెతుక్కున్నారు, దాని కింద నిలబడి సెల్ఫీ దిగారు, వెళ్ళిపోయారు. మీసం నల్లబరిపించుకున్నాయనైతే, సరిగ్గా నా పక్క గడిలో ఉండి కూడా, నా భుజం తట్టి మంచిగ చేసినవన్నాడు. పక్కవాడు ఎవరో ఆయనకు పట్టలేదు. నా ప్రాణం కొంచెం కుదుటపడింది. ఈ తప్పు కనబడేది లోకంలో ఒక్క మనిషికేనని నాకు తోచనే లేదు.

ఆ ఒక్క మనిషి మధ్యాహ్నం దుకాణానికి వచ్చాడు. టేక్మాల్ వైపు రైతు, నలభై దాటినవాడు, స్మార్ట్‌ఫోన్ లేదు గనుక గ్రూపులోనూ లేడు. వెనకాల భార్య. భాయ్ గల్లా దగ్గరే ఉన్నాడు. ఆ రైతు నా ముఖం వంక చూశాడు, చాలాసేపు చూశాడు. ఆయన భాయ్ వైపు తిరిగి, "సేఠ్, జర చిన్న పనున్నది, గీ తమ్మిని తోల్కపోత" అని నన్ను బయటికి తీసుకొచ్చాడు.

అరుస్తాడనుకున్నాను. ఆయన గొంతు తగ్గించి అడిగాడు: "గా ఫొటోల ఉన్నది నువ్వే గదా తమ్మీ. మరి నాదేడ పోయింది? మా ఇంటామెకు సూపిద్దామని బస్సెక్కిచ్చి తెచ్చిన."

ఆమె చీర కొంగుతో ముఖం తుడుచుకుంటూ పక్కకు చూస్తోంది. పొద్దుటి నుంచీ ఆ గడిని వందసార్లు చూసుంటాను. అందులో నేనున్నానని వణికాను తప్ప, అందులో ఒకాయన లేడని ఒక్కసారైనా అనుకోలేదు. భయం పోయి సిగ్గు వేసింది.

భాయ్ నమాజుకు వెళ్ళగానే ఆయన ఫొటో వెతికాను. వేరేవాళ్ళ ఫోన్ నుంచి ఆలస్యంగా వచ్చి, డౌన్‌లోడ్లలోనే పడి ఉంది. కొత్త చొక్కా, అప్పుడే కత్తిరించుకున్న జుట్టు, ఊపిరి బిగబట్టిన ముఖం. స్టిక్కరు మీద ప్రింటు తీసి, చౌరస్తాలో నిచ్చెన వేసుకుని, ఎర్రటి ఎండలో నా చేత్తోనే నా ముఖం మీద అంటించాను. కింద నుంచి ఆమె, "ఇగ మంచిగున్నడు" అంది. ఆయన సెల్ఫీ అడగలేదు. ఇద్దరూ కాసేపు నిలబడి చూసి, బస్టాండు వైపు వెళ్ళారు.

భాయ్‌కి ఈ సంగతి నేటికీ తెలియదు. ఇప్పుడు దుకాణం నాదే, జుట్టూ పలచబడింది. చుట్టాల పెళ్ళి ఫొటో చేతికొస్తే ఇప్పటికీ నా కళ్ళు ముందు నన్నే వెతుకుతాయి, ఎంత చెప్పినా వినవు. కాకపోతే నేను దొరికాక, కొంచెం సిగ్గుపడి, ఇందులో ఉండాల్సినవాళ్ళు ఎవరు లేరా అని ఇంకోసారి చూస్తాను.