కిలుము కుండ

మా మనవరాలు రాగిరేకుతో తానే చేసుకున్న జుంకాలు నిన్న సాయంత్రం నా అరచేతిలో పెట్టింది. నెమలి మెడ రంగులో, అంచుల్లో అక్కడక్కడ ఎర్రటి రాగి తొంగిచూస్తూ, ఎప్పటివో పాతనగల్లా ఉన్నాయి. వాటిని తిరిగి ఇచ్చేశాక వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకున్నాను. తడి పైసల వాసన, దాని అడుగున పులుపు.

ఊరంతా చింతపండు పెట్టి తోమి వదిలించుకునే రాగి కిలుమును మేము పెంచి అమ్ముకునేవాళ్ళం. ఫిషింగ్ హార్బర్ వెనక సందులో మా ఇల్లు. నాన్న బోటు మీద వేటకెళ్ళేవాడు. పాతవూళ్ళో ఒక షావుకారు రాగితో చేయించిన జుంకాలు, పతకాలు గోనెసంచిలో మా ఇంటికి పంపేవాడు. అమ్మ వాటికి పచ్చరంగు ఎక్కించి ఇస్తే, పాతకాలపు సొమ్ములని చెప్పి ఓడలు దిగే దొరలకు అమ్ముకునేవాడు. అమ్మ రాగిని బూడిదతో జిడ్డు పోయేలా తోమి, రంగు కుండ నీళ్ళలో ముంచి తీసి, తడి ఊకలో పొరలుగా పేర్చి గోనెపట్టా కప్పేది. వేసవిలో సముద్రపు గాలికి మూడు రోజులు చాలేవి, ముసురు పట్టిందంటే వారం. ముందు తేనెరంగు వచ్చేది, తర్వాత నలుపు, ఆపైన ఒక పొద్దున్న పట్టా ఎత్తేసరికి చిలకపచ్చ. ఆ ఊకను వేళ్ళతో మెల్లగా దులిపి, రంగు రాలకుండా మైనం రుద్దడం నా పని.

ఆ రోజుల్లో మా సందులో ప్రతి ఇంటా తరవాణి కుండ ఉండేది. గంజిలో అన్నం వేసి పులియబెట్టి, ఎండాకాలం పొద్దున్నే ఉల్లిపాయ, కాల్చిన ఎండుచేప నంజుకుంటూ తాగేవాళ్ళం. ఆ కుండను పూర్తిగా ఖాళీ చెయ్యకూడదు. అడుగున మిగిలిన పాత పులుపే కొత్త గంజిని పులియబెడుతుంది. అమ్మ రంగు కుండను కూడా అలాగే పెంచింది. తరవాణి తేట, కల్లుప్పు, కళాయి పూసేవాళ్ళ దగ్గర కొన్న నవాసారపు పొడి, ఇవి తరిగినప్పుడల్లా కలుపుతూ పోయిందే కానీ పాత నీళ్ళు ఎన్నడూ పారబొయ్యలేదు. రాగి మునిగి మునిగి ఆ నీళ్ళు ఏళ్ళ మీద నీలంగా మారాయి. తరవాణిని చూసినట్టే వాటినీ నాలికతోనే చూసేది అమ్మ. చూపుడువేలు ముంచి, నాలిక చివర రాసుకుని, కళ్ళు మూసుకుని ఒక్క క్షణం ఆగి, ఉమ్మేసి, ఇంకో గుప్పెడు ఉప్పు వేసేది. పక్కింటామె, "మాకూ సెప్పొదినా, కొలతేటి?" అంటే, "కొలత నా నాలిక మీదుంది, కోసుకెల్తావేటి?" అని నవ్వేది.

పొద్దున్నే అమ్మ గోడవారన వాంతి చేసుకోవడం మాకు మామూలే. "మల్లీ నీల్లోసుకున్నావేటే కోడలా?" అని నాన్నమ్మ వేళాకోళమాడితే అమ్మ కూడా మూతి తుడుచుకుంటూ నవ్వేది.

నాకు తొమ్మిదో ఏడు నడుస్తుండగా ఉగాది వచ్చింది. కొత్త చింతపండు, కొత్త బెల్లం, వేపపువ్వు, మామిడికాయ ముక్కలు. అమ్మ పచ్చడి కలిపి నాలిక మీద వేసుకుంది, ఉప్పు వేసింది, మళ్ళీ చూసింది, మళ్ళీ వేసింది. దేవుడికి పెట్టి ముందుగా నాన్నమ్మ చేతిలో పోసింది. నాన్నమ్మ తుపుక్కున ఉమ్మేసింది. "ఓలమ్మో! సముద్రం కలిపీసినావేటే!"

అందరం నవ్వాం. అమ్మ మాత్రం గిన్నెలోంచి చేతినిండా తీసుకుని, నోట్లో పెట్టుకుని, మెల్లగా నమిలి, మా ముఖాల వంక చూసింది. "నాకేటీ తెలవట్నేదు," అంది. "తీపీ నేదు, సేదూ నేదు."

ఆ తర్వాత అమ్మ అంచనా మీద రంగు వేసిన మొదటి సంచి పాడైంది. పచ్చదనం సున్నంలా రాలిపోయింది. ఇంకొక్కసారి ఇలా అయితే పని వేరేవాళ్ళకిచ్చేస్తానని షావుకారు కబురంపి, రెండో సంచి పంపాడు. నాన్న బోటు ఇంజను పాడై రేవులో పడి ఉంది. ఆ సంచి మీదే మా పొయ్యి వెలగాలి.

పొద్దున్నే అమ్మ నన్ను కుండ దగ్గరకు పిలిచింది. "నాలిక సివర పెట్టి ఉమ్మియ్యమ్మీ. మింగకు."

పెద్దదాన్నైపోయానని నాకు ఒకటే సంబరం. అమ్మలాగే కళ్ళు మూసుకున్నాను. ఏమీ అర్థం కాలేదు. మళ్ళీ ముంచాను. తప్పు చెబుతానేమోనన్న భయంతో, ఇంకా బాగా తెలుస్తుందని, గుక్కెడు మింగాను. "ఉప్పు సాల్లేదమ్మా," అన్నాను. అమ్మ గుప్పెడు వేసింది. "ఇప్పుడో?" మళ్ళీ మింగాను. "సరిపోయింది."

కాసేపటికి గుమ్మం దగ్గర కక్కుకున్నాను. నీలంగా, పచ్చగా పడింది. అమ్మ నా వీపు మీద చెయ్యి వేసి, నేల మీది ఆ రంగును చాలాసేపు చూసింది. తర్వాత లేచి, కుండ ఎత్తుకుని పెరట్లోకి వెళ్ళి, బట్టలుతికే బండ మీద వేసి కొట్టింది.

నాన్న పరిగెత్తుకొచ్చాడు. "పగలగొట్టీసినావేటే! ఇప్పుడేటి తింటాం?"

"ఏటో ఒకటి తింటాం. మన గుంట కక్కింది సూడు. నా కుండ రంగే."

సంచి రంగు లేకుండానే వెనక్కి పోయింది. అమ్మ చేపలు ఎండబెట్టే కూలికి వెళ్ళింది. ముసుర్లు మొదలయ్యేసరికి ఆమె కళ్ళు పచ్చబడ్డాయి, కాళ్ళు వాచాయి. ఆస్పత్రిలో డాక్టరు ఏం తినేదని అడిగితే, "అన్నమేనండి," అన్నాడు నాన్న. నేను మంచం కోడు పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాను. కుండ సంగతి చెప్పాలని తెలుసు. చెబితే నేనూ మింగానని డాక్టరుకు తెలిసిపోతుందని నోరు మూసుకున్నాను. అమ్మ ఆ ఏడు దసరా చూడలేదు.

ఇప్పుడు ఆ సందు లేదు, ఐసు ఫ్యాక్టరీ గోడ లేచింది. పచ్చటి మరక పడిన ఆ బండ ఏమైందో తెలియదు. తరవాణి అంటే మనవరాలికి తెలియదు. రాగికి రంగు వెయ్యడం ఏదో క్లాసులో నేర్చుకుంటోంది; దాని సంచిలో చిన్న రంగు సీసా ఉంటే తీసి చూశాను. అరవయ్యేళ్ళకి దగ్గరపడ్డాక నేర్చుకున్న అక్షరాలు కాబట్టి సీసా మీది చీటీని కూడబలుక్కుని చదివాను: నోటికి తగలనివ్వరాదు.

మా అమ్మా ఇలాంటి రంగే వేసేదని చెప్పాను. "అమ్మమ్మా, మీ అమ్మ రంగు కొలతలు చెప్పవా, రాసుకుంటాను," అని అది పుస్తకం తెరిచింది. కొలతల్లేవమ్మా అన్నాను.

అంతలో మా అమ్మాయి వంటింట్లోంచి చారు గరిటెతో వచ్చింది. "అమ్మా, ఉప్పు సరిపోయిందేటో సూడు." నేను గరిటె రుచి చూడనని తెలిసినా అప్పుడప్పుడు మరిచిపోతుంది. నేను నోరు తెరవలేదు. మనవరాలు గరిటె అందుకుని నాలిక మీద వేసుకుంది. అది మింగి, "సరిపోయింది," అనేదాకా దాని ముఖం మీంచి చూపు తిప్పుకోలేకపోయాను.