ఏదీ, చెయ్యి పెట్టు!

బెజవాడ రైల్వే కాలనీలో మా వెనకింటి పిల్ల ఎక్కడ కనిపించినా ముందు "ఏదీ, చెయ్యి పెట్టు!" అనేది. నా నల్లటి చేతి పక్కన తన తెల్లటి చెయ్యి ఆనించి, ఎండలో తిరిగినందుకు కాస్తయినా నల్లబడ్డానా అని చూసుకునేది. ఎలాగైనా నా రంగుకి రావాలని దాని పంతం!

వాళ్ళు ఆంగ్లో ఇండియన్లు. వాళ్ళ నాన్న బొగ్గు ఇంజన్ డ్రైవరు. మా నాన్న అదే ఇంజన్లో బొగ్గు వేసే ఫైర్‌మన్.

"తెల్లోళ్ళంతా ఇంగ్లండు పోయారుగా, మీరెందుకు పోలేదే?" అని ఒకరోజు అడిగాను. మా అత్తయ్య అనే మాటే అది.

"మా తాత కూడా ఇక్కడే పుట్టాడే! అక్కడ మాకెవరున్నారు?" అని కస్సుమంది. మరుక్షణమే, "ఏదీ, చెయ్యి పెట్టు!"

ఆ సాయంత్రం ఇద్దరి నాన్నలూ డ్యూటీ దిగి షెడ్డు గేటు దాటి వస్తున్నారు. తలలకి ఒకేలాంటి గుడ్డలు, ఒళ్ళంతా మసి. ఎవరి నాన్నని వాళ్ళు ముందు పట్టుకోవాలని పందెం వేసుకుని పరిగెత్తాం. నేనే ముందు! ఎగిరి మెడ పట్టుకున్నాను.

"మీ నాన్న అటున్నాడమ్మా!" అంటూ పకపకా నవ్వాడు వాళ్ళ నాన్న. తిరిగి చూస్తే, అది మా నాన్న మెడకి వేలాడుతోంది!

"ఏదీ, చెయ్యి పెట్టు!" అని అరుస్తూ వచ్చింది. ఇద్దరికీ మోచేతుల దాకా మసి. ఏ చెయ్యి ఎవరిదో మాకే తెలియలేదు. గంతులేశాం!

ఇంటికి రాగానే అమ్మ నన్ను కుళాయి దగ్గరికి లాగి సబ్బు తీసింది. "కడగొద్దమ్మా! రేపు బళ్ళో చూపించాలి!" అని గోల పెట్టాను.

గోడవతల నుంచి కూడా అదే గోల వినిపించింది, ఇంగ్లీషులో.