మచ్చ లేని కాలేయం

2011. తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులు. నేను తార్నాకలో ఉంటూ, పక్కనే ఉన్న యూనివర్సిటీలో జంతుశాస్త్రం చెప్పేదాన్ని. మాది తెనాలి వైపు. నా దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న స్వరూపది జనగామ దగ్గర పల్లె. పొద్దున ల్యాబు, సాయంత్రం ఊరేగింపు. ఒకరోజు టియర్ గ్యాస్ దెబ్బకి కళ్లు ఎర్రగా చేసుకుని వస్తే, "హాస్టల్‌కి పోయి పడుకోవే" అన్నాను. "ఫార్మలిన్‌కు అలవాటైన కండ్లు మేడం, గా గ్యాస్ మాకేం లెక్క!" అంది. నాకు కోపమూ వచ్చింది, నవ్వూ వచ్చింది.

ఆమె పని కాలేయం మీద. వాళ్ల నాయనమ్మ ఊళ్లో పసిరికలకు, అంటే పచ్చకామెర్లకు, నేల ఉసిరి రసం ఇచ్చేది. అది నిజంగా కాలేయాన్ని కాపాడుతుందా అన్నదే ప్రశ్న. కొన్ని ఎలుకలకు కాలేయాన్ని దెబ్బతీసే విషం మాత్రమే ఇచ్చాం. కొన్నిటికి విషంతో పాటు రసమూ ఇచ్చాం. ఆ తర్వాత రెండు గుంపుల్లోనూ అపోప్టోసిస్ ఎంత ఉందో కొలవాలి. దెబ్బతిన్న కణం తనంతట తానే ఒక పద్ధతిలో ముక్కలై తప్పుకోవడమే అపోప్టోసిస్. అప్పుడు దాని డీఎన్ఏ తెగుతుంది. ఆ తెగిన కొసలకు రంగు పట్టించే పరీక్షను టనెల్ అంటారు. చనిపోతున్న కణం మైక్రోస్కోపు కింద గోధుమరంగు చుక్కలా కనిపిస్తుంది, మిగిలినవి ఆకుపచ్చగా ఉంటాయి. ఇక కూర్చుని చుక్కలు లెక్కపెట్టుకోవడమే.

స్లైడ్లు వచ్చాయి. విషం గుంపు నిండా చుక్కలు. రసం గుంపులో మచ్చుకి ఒక్కటీ లేదు! నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. స్వరూప థీసిస్ గడువు దగ్గరపడింది. అది ఇచ్చేస్తేనే ఆ ఏడు లెక్చరర్ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకోగలదు.

"ఇంకేమిటే, మీ నాయనమ్మ గెలిచింది. రాయడం మొదలుపెట్టు" అన్నాను.

"నమ్మబుద్ధి అయితలేదు మేడం. ఏ రోగం లేని ఎలుకలల్ల గూడ ఒకటో రెండో ఉంటయ్ కద?"

"పాజిటివ్ కంట్రోల్ బాగానే వచ్చిందిగా?"

పాజిటివ్ కంట్రోల్ అంటే, ఒక ముక్కలోని డీఎన్ఏని మేమే కావాలని ఎంజైముతో తెగ్గొట్టి పెట్టే స్లైడు. పరీక్ష సరిగ్గా పనిచేస్తే అది మొత్తం గోధుమరంగుకి తిరగాలి.

"అది విషం గుంపు ముక్క మేడం. రసం గుంపు ముక్కతోని ఒకపారి చేసి చూస్తా."

చేసింది. ఆ స్లైడు కూడా పచ్చగా, శుభ్రంగా వచ్చింది.

"మనం తెంపిందే దొరుకుతలేదు మేడం. గీ ముక్క సచ్చినదాన్ని గూడ బతికే ఉన్నదంటున్నది."

అప్పుడు వెలిగింది నాకు. విషం గుంపు కాలేయాలు బంద్‌లకి ముందే సిద్ధమయ్యాయి. రసం గుంపువి ఫార్మలిన్‌లో వేసిన మర్నాడే బంద్‌తో క్యాంపస్ గేట్లు మూతపడి, చాలా రోజులు తెరుచుకోలేదు. ఫార్మలిన్ కణజాలాన్ని కుళ్లకుండా ఆపుతుంది కానీ, ఒకరోజు ఉంచి తీసెయ్యాలి. రోజుల తరబడి అందులోనే ఉంటే ముక్క బిగుసుకుపోతుంది, ఇక టనెల్ రంగు లోపలికి వెళ్లదు. మేము రసం మహిమ అనుకున్నది బంద్ మహిమ.

"మళ్లీ మొదటినుంచి చేస్తే గడువు దాటుతుంది. పైగా మీ నాయనమ్మ మందు ఉత్తదే అని తేలినా తేలొచ్చు" అన్నాను. భయపెట్టాలని కాదు, ఉన్నమాట చెప్పాలని.

"తేలితే తేలనియ్యున్రి మేడం. పసిరికలొచ్చినోళ్లు మనం రాసింది నమ్మి దవాఖానకు పోకుంటెనో?"

కొత్త ఎలుకలు కావాలన్న కాగితం మీద సంతకం పెట్టాను.

పరిస్థితులు కాస్త సద్దుమణిగాక మళ్లీ చేసింది. ఈసారి రెండు గుంపులకూ ఫార్మలిన్‌లో ఒకే సమయం. రసం గుంపులోనూ చుక్కలు కనిపించాయి. విషం గుంపు కంటే తక్కువే, కానీ కొంచెమే తక్కువ. ఆ ఏడు దరఖాస్తు గడువు దాటిపోయింది. ఉద్యోగం ఆ తర్వాత వచ్చిందిలెండి, ఆలస్యంగా.

వైవా రోజున, బయటినుంచి వచ్చిన ఎగ్జామినర్ పెదవి విరిచాడు. "ఇంత శ్రమపడితే ఇంతేనా ఫలితం?"

"ఉన్నది గంతే సార్. గంతే రాసిన."

ఆ క్షణాన ఆమె గైడ్‌ని అయినందుకు గర్వంగా అనిపించింది. అప్పటినుంచి మా ల్యాబులో ఏ గుంపుకి ఆ గుంపు ముక్కతోనే పాజిటివ్ కంట్రోల్ పెట్టాల్సిందే. కొత్తగా చేరినవాళ్లు విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి.

ఆరోజు ఆమె సరేనని తలూపి ఉంటే, నా పేరు మీద ఒక అబద్ధం అచ్చయ్యేది. పిల్లలు చెప్పిన మాట వినడం లేదని తోటి అధ్యాపకులు వాపోతుంటే నేను ఊరుకోలేను. ఇన్నేళ్ల ఉద్యోగంలో నాకు జరిగిన పెద్ద మేలు, ఒక అమ్మాయి నా మాట వినకపోవడమే.