ఏనుగు రాలేదు

మా లైబ్రేరియన్ సార్ పోయారన్న కబురు నా ఫోనుకు రెండు మెసేజీలుగా వచ్చింది. ఒకదాంట్లో ఆయన వయసు డెబ్బై ఎనిమిది, ఇంకోదాంట్లో ఎనభై ఒకటి. తిరుపతి బస్టాండులో నిలబడి కళ్లు తుడుచుకుంటూనే, ఈ రెంటిలో దేనికి ఆధారం ఉందా అని ఆలోచించాను. వెంటనే సిగ్గేసింది. కానీ ఆయన ఉంటే ఏడుపు సంగతి తర్వాత, ముందు అదే అడిగి ఉండేవారు.

చిత్తూరులోని ఒక పాత గ్రంథాలయంలో, వెనకవైపు గదికి 'ప్రత్యేక సేకరణ' అని బోర్డు ఉండేది. లోపల తిరునాళ్ల సంచికలు, నాటక సమాజాల కరపత్రాలు, ఊరూరి శుభలేఖలు, కార్వేటినగరం సంస్థానం కాలంనాటి కాగితాలు. సార్ రిటైరైనా రోజూ వచ్చేవారు. ఎవరూ వద్దనలేదు. ఆ గది తాళం ఏ గుత్తిలో ఉందో ఆయనకొక్కరికే తెలుసు మరి.

నేను తిరుపతిలో ఒక కాలేజీలో చరిత్ర చెబుతాను. ఇంటర్నెట్‌లో ఎవరైనా రాయగల, దిద్దగల విజ్ఞాన సర్వస్వంలో మా ఊరి గురించి వెతికితే జనాభా, పిన్‌కోడు తప్ప ఏమీ లేవు. చుట్టుపక్కల ఊళ్లదీ అదే గతి. సార్ గదిలో ఉన్న కాగితాల్లోంచి ఆ పేజీలు నింపుదామని శనివారం శనివారం బస్సెక్కడం మొదలుపెట్టాను.

ఆయనకు కంప్యూటరు రాదు. పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, నేను వాక్యం పూర్తి చేయగానే "యాడుండాది?" అనేవారు. పుస్తకం, పేజీ చూపిస్తేనే తర్వాతి వాక్యానికి అనుమతి. ఒకసారి ఉత్సాహం ఆపుకోలేక 'ఇది అందమైన ఊరు' అని రాశాను.

"అందానికి ఆధారం యాడుండాదమ్మా?"

"చూస్తే తెలుస్తుంది కదా సార్."

"నేనూ సూసినాను. అందుకే అడగతా ఉండాను."

తీసేశాను. కాగితం ముట్టుకోవాలంటే సబ్బుతో చేతులు కడుక్కోవాలి. మామిడిపండు తిన్న చేతిని మాత్రం ఆయన రెండు రోజులైనా నమ్మేవారు కాదు. "నోటిమాట గాలికి పోతాది, అచ్చుమాట అతుక్కుంటాది" అని తరచూ అనేవారు. అదేదో పుస్తకాల గొప్పతనం గురించి అనుకునేదాన్ని. హెచ్చరిక అని చాలా రోజులకు గానీ అర్థం కాలేదు.

ఒక శనివారం మనవరాలికి చెవులు కుట్టిస్తున్నారని ఆయన రాలేదు. తాళం ముందువారమే నాకిచ్చారు. ఆ రోజు కార్వేటినగరం దగ్గరి ఒక చిన్న ఊరి పాత తిరునాళ్ల సంచిక నా చేతికి దొరికింది. ముప్పై ఒకటో పేజీ కింది సగంలో, రాసినవారి పేరు లేకుండా నాలుగు వాక్యాలు: పూర్వం సంస్థానం ఏనుగు ఒకటి ఆ దారిన పోతూ, ఈ ఊరి మామిడితోపు వాసనకు నిలిచిపోయి మూడు దినములు కదలలేదట. నాకు అనుమానాలెక్కువ. ఆ రోజూ ఒకటి వచ్చింది. కానీ అచ్చులో ఉంది, పేజీ నంబరుంది, పైగా ఎంత బాగుందో! ఎక్కించేశాను.

మరుసటి వారం గర్వంగా చూపించాను. సార్ చదివారు. మళ్లీ చదివారు. "కాఫీ తాగొద్దాం పదమ్మా" అన్నారు. పొద్దున పదింటికి ఆయన ఆ గది వదలడం అదే మొదటిసారి.

రెండేళ్లకు ఆ ఊరివాళ్లు ఇంటర్నెట్‌లో ఉన్న తమ ఘనత చూసుకుని, ఊరి మొగదల సిమెంటుతో ఏనుగును కట్టారు. పేపర్లో ఫొటో వచ్చింది. ఆ పొద్దున్నే సార్ ఫోను.

"అమ్మా, ఆ ఏనుగు రాలేదు."

"ఏ ఏనుగు సార్?"

"మనదే. ఆ సంచిక కూర్చినది నేనే. రైసుమిల్లు వాళ్లు ప్రకటన ఇస్తామని కడాకు లేదనిరి. అర పేజీ ఖాళీ. ప్రెస్సాయన నెత్తిమింద నిలబడుకోనుండాడు. ఏనుగును తోలేసినాను."

నేను పడీపడీ నవ్వాను. ఆయన నవ్వలేదు.

"ఊర్లో అందర్నీ ఆధారం అడిగినోన్నిమ్మా నేను. నేను పొయ్యేలోపల దాన్ని తీసెయ్యి."

తీసేశాను. గంటలో ఎవరో తిరిగి పెట్టేశారు: 'ఆధారమున్న సమాచారాన్ని తొలగించవద్దు.' రాసినాయనే నాతో చెప్పారని వివరించాను. 'వ్యక్తిగత సంభాషణ ఆధారం కాదు' అని జవాబు. ఆ శనివారం భయపడుతూ సార్‌కు చదివి వినిపించాను. ఆయన మొహం వెలిగిపోయింది.

"ఎవురో గానీ గట్టోడమ్మా! నా దగ్గర పని నేర్చుకున్నట్టుండాడు."

ఆ సంబరం తీరాక చాలాసేపు గడ్డం గోక్కున్నారు. "అచ్చయితే ఆధారమే కదా?" అన్నారు.

పుస్తకం అచ్చయ్యాక దొర్లిన తప్పులకు పాతకాలంలో తప్పొప్పుల పట్టిక వేసి అతికించేవారు. సార్ ప్రెస్సుకు పోయి, తన పేరుతో అలాంటి పట్టీలు కొన్ని వేయించారు. తప్పు: ఏనుగు వచ్చినది. ఒప్పు: రాలేదు, ఖాళీ నింపుటకు నేను కల్పించినది. ఒక పట్టీని లైబ్రరీ రిజిస్టరులో ఎక్కించి, ముద్ర వేసి, మైదా గంజితో ముప్పై ఒకటో పేజీలో అతికించారు. తర్వాత గంజి డబ్బా పట్టుకుని ఆ ఊరికి బయల్దేరారు, ఇళ్లలో మిగిలిన సంచికల కోసం. నేనూ వెంట వెళ్లాను.

ఊరి పెద్ద ఒకాయన మర్యాదగానే అడ్డుపడ్డాడు. "మీరు పుస్తకాల్లో ఏమన్నా అతికిచ్చుకోండి సార్. ఏనుగు జోలికి మాత్రం రావద్దండి."

"అది రాలేదప్పా!"

"ఇప్పుడొచ్చింది కద సార్."

ముద్రవేసిన పట్టీని ఆధారంగా చూపి, అది కల్పన అని ఇంటర్నెట్ పేజీలో రాశాను. ఆ కనబడని మనిషి ఈసారి తీసేయలేదు. ఒక కామా సరిచేసి పోయాడు. "సంతకం పెట్టినట్టే" అన్నారు సార్.

అసలు నేను ఎక్కించకపోతే ఆ ఏనుగు ముప్పై ఒకటో పేజీలో పడి నిద్రపోయేది కదా, నేను చేసింది మేలా కీడా అని ఒకసారి ఆయన్నే అడిగాను.

"నువ్వు రాయకుంటే నా తప్పు నా జతనే కాట్లో కాలిపోయుండును. బతికుండంగా దిద్దుకునేది ఎంతమందికి దొరకతాదమ్మా?"

సార్ కర్మంతరం అయిన మరుసటి రోజు ఆ ఊరికి వెళ్లాను. సిమెంటు ఏనుగు కుడి ముందుకాలి మీద ఒక పట్టీ ఉంది. ఎవరికీ చెప్పకుండా ఎప్పుడొచ్చి అతికించారో! మూలలు లేవకుండా నొక్కిన తీరు ఆయనదే. కానీ దానిమీద పసుపు కుంకుమలు మెత్తి ఉన్నాయి. 'ఏనుగు వచ్చినది' అన్నదొక్కటే కనబడుతోంది. కొంగుతో తుడవబోతే, పక్కన వేరుశెనక్కాయలు ఒలుచుకుంటున్న అవ్వ కేకేసింది.

"ఏమ్మా, ఏం చేస్తా ఉండావు?"

"దీనిమీద ఏం రాసుందో కనబడటం లేదవ్వా."

"సార్ అతికిచ్చినాడు. మంచిదే రాసుంటాడు. శుక్రవారం శుక్రవారం బొట్టు పెడతా ఉండాం."

మిగిలిన పట్టీలు, గమ్ము సీసా నా సంచిలోనే ఉన్నాయి. ఒకటి తీసి ఎడమకాలికి అతికించి, సార్ లాగే మూలలు నొక్కాను.

"ఇంకోటా? అతికియ్యి తల్లీ, దానికీ పెడతాం" అంది అవ్వ.

బస్సు కోసం నడుస్తూ వెనక్కి చూశాను. తొండమెత్తి నిలబడి ఉంది ఏనుగు, ముందుకాలికొక చీటీతో. కుడికాలిది ఎర్రగా ఉంది. ఎడమకాలిది ఇంకా తడిగా, తెల్లగా, అక్షరాలన్నీ కనబడేలా ఉంది. శుక్రవారానికి ఇంకా రెండు రోజులున్నాయి.