రాహుకాలానికి తెరిచే కొట్టు

నిన్న పొద్దున కొబ్బరి పచ్చడి సగంలో ఉండగా మా మిక్సీ ఒక్క మూలుగు మూలిగి ఆగిపోయింది. వంటిల్లంతా కాలిన వార్నిష్ వాసన. మా ఆవిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని కిటికీలు తెరుస్తుంటే, నేను హారతి కళ్ళకద్దుకునేవాడిలా మిక్సీ మీదికి వంగి గుండెల నిండా పీల్చాను. "మీకేమన్నా పిచ్చా?" అంది. పిచ్చి కాదు. కాలిన కాయిల్ వాసన తగిలితే నాకు మా గోవిందస్వామి మామ గుర్తొస్తాడు. అగరొత్తుల వాసనకి ఆయన గుర్తొచ్చాడంటే ఆయన ఊరుకోడు, ఎక్కడున్నా లేచి వచ్చి తంతాడు.

మాది అరవ దేశంలో చూలై. మా తాతల తాతలు ఏ రాజుల కాలంలోనో ఈ దేశానికి వచ్చారట. మా ఇంట్లో మాట సగం తెలుగు, సగం అరవం. తిట్లు మాత్రం రెండిట్లోనూ పూర్తిగా వచ్చు. మేమున్న ఇంటి కింద గోవిందస్వామి నాయుడు మోటార్ వైండింగ్ కొట్టు. మామ అనడం వరస కాదు, వీధి అలవాటు. పేరులో గోవిందుడూ ఉన్నాడు, స్వామీ ఉన్నాడు, మనిషికి మాత్రం ఇద్దరితోనూ పడదు. బోర్డు మీద "జి.ఎస్." అని రాయించాడు. జి.ఎస్. అంటే ఏంటని ఎవరైనా అడిగితే "జనరల్ సర్వీస్" అనేవాడు. చదువు అయిపోయి ఉద్యోగం రాక వీధి అరుగు మీద కోతలు కోస్తూ కూర్చున్న నన్ను, "కోసేదేదో తీగ కొయ్యరా" అని లాక్కెళ్ళి పనిలో పెట్టింది ఆయనే.

ఆయన దగ్గర ఒకే ఒక ప్రశ్న ఉండేది. చూసినావా? ఎవరేం చెప్పినా అదే. ఒకసారి తిరువొత్తియూరులో ఒక ఫ్యాక్టరీకి మోటారు అప్పజెప్పి ఆలస్యంగా వచ్చాను. గుమ్మంలోనే నిలబెట్టాడు.

"ఏందిరా శీనా, ఇప్పుడా రావడం?"

"బేసిన్ బ్రిడ్జి దగ్గర ట్రైన్లోకి ఆవు ఎక్కింది మామా. దిగనంటే దిగనంది."

"చూసినావా?"

"ఈ కళ్ళతోనే."

"ఏ పెట్టె?"

"ఆడవాళ్ళ పెట్టె మామా. ఎంతైనా ఆడది కదా."

మామ పెదవి కొరుక్కున్నాడు. "కొమ్ములు యాడికి తిరిగుండాయి?"

"ఒకటి ఈ కొస సెంట్రల్ వైపు, ఒకటి ఆ కొస గుమ్మిడిపూండి వైపు."

అప్పటికి కొట్టంతా పని ఆపేసి వింటోంది. ఆయన ఒక్కొక్క ప్రశ్నా వేస్తుంటే నా ఆవుకి ఒక్కొక్క అవయవమూ వచ్చింది. చివరికి తోక దగ్గర దొరికిపోయాను. మామ నవ్వి, స్క్రూడ్రైవర్ నా చేతికిచ్చి అన్నాడు. "అబద్ధం చెప్పుకోరా. అది నీ తోడబుట్టింది, దాన్ని విడదీయడం నావల్ల కాదు. కానీ నీ అబద్ధాన్ని నువ్వే నమ్మడం మొదలుపెడితే మాత్రం ఈ కొట్లో ఉండొద్దు." ఇవాళ నేను టీవీలో అరవం నుంచి తెలుగులోకి వచ్చే భక్తి సీరియళ్ళకి మాటలు రాసి బతుకుతున్నాను. దేవుళ్ళకి డైలాగులు రాసేవాడికి ఇంతకంటే పనికొచ్చే పాఠం ఏ గురువూ చెప్పలేదు.

ఆయన నాస్తికత్వం వట్టి నోటి దురద అని మీరనుకోకూడదు. వెనక వీధిలో బట్టలు కుట్టుకునే ఒకావిడ ఇంట్లో ఫ్రిజ్ ముట్టుకుంటే షాక్ కొట్టేది. ఈశాన్యంలో పెట్టావు, గంగమ్మకి కోపం వచ్చిందని ఎవడో చెప్పి, నిమ్మకాయలకీ కోడికీ డబ్బు గుంజుకుపోయాడు. మామ వెళ్ళి ప్లగ్ విప్పి చూశాడు. ఎర్త్ వైరు ఊడిపోయి ఉంది. బిగించి, ఒక చెయ్యి ఫ్రిజ్ మీద ఆనించి, రెండో చేత్తో ఆవిడ ఇచ్చిన కాఫీ నిదానంగా తాగాడు. "చూసినావా తల్లీ? గంగమ్మకి నీ మీద కోపం యాడ ఉండాది? వైరుకే ఉండాది." ఆవిడ ఏడుస్తూ నవ్వింది. భయం పోగొట్టడం ఎంత పెద్ద దానమో నేనా రోజు చూశాను. అందుకే ఆయన ఏం చెప్పినా తలూపేవాణ్ణి. రాహుకాలం సంగతి దాకా.

మా కొట్లో రోజుకో కాగితం చింపే క్యాలెండర్ ఒకటి ఉండేది. పొద్దున రాగానే మామ నిన్నటి కాగితం చర్రున చింపి, ఇవాళ్టి రాహుకాలం ఎప్పుడో వేలు పెట్టి చదివేవాడు. ముఖ్యమైన పని ఏదైనా సరిగ్గా ఆ గంటన్నరలోనే మొదలుపెట్టాలి. కొత్త మోటారు స్విచ్ వేయడం, పనివాళ్ళకి జీతాలివ్వడం, ఆఖరికి క్షవరం కూడా. మూఢనమ్మకాన్ని అలా నడివీధిలో నిలబెట్టి తన్నడం ఆయన లెక్క. ఎదురుగా పాత్రల కొట్టు సుబ్బయ్య శెట్టిది ఇంకో లెక్క. రాహుకాలం పడగానే ఆయన బేరం ఆపి షట్టర్ సగానికి దించేసేవాడు. ఆ నిమిషంలోనే మామ మా షట్టర్ బారుగా పైకి లేపేవాడు. ఒకటి దిగుతుంటే ఒకటి లేస్తుంటే, రెండిటికీ కలిపి ఒకే తాడు కట్టారా అనిపించేది. వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు కాదు గానీ, ఇద్దరూ చూసేది ఒకే క్యాలెండర్.

ఒక శుక్రవారం తెల్లవారగానే ఏదో అపార్ట్‌మెంట్ వాళ్ళు పంపు మోటారు మోసుకొచ్చారు. ఇంటిల్లిపాదికీ నీళ్ళు లేవు, పిల్లలకి స్కూలుంది అన్నారు. తొమ్మిదికల్లా పని అయిపోయింది. మామ మాత్రం పదిన్నర అయ్యేదాకా స్విచ్ వేయనివ్వలేదు. వచ్చినాయన "రాహుకాలం దాటేదాకా ఆగమంటారా?" అని అమాయకంగా అడిగాడు. "రాహుకాలం వచ్చేదాకా!" అని మామ గర్జించాడు. పాపం ఆ మనిషి, ఇదేదో చాలా నిష్ఠ గల కొట్టు అనుకుని చెప్పులు విప్పి నిలబడ్డాడు.

మామ భార్య శాంతత్త మధ్యాహ్నం క్యారియర్ తెచ్చినప్పుడు ఇది విని నాతో మెల్లగా అంది. "మా ఇంట్లో రాహువుకి జరిగే పూజ ఏ గుళ్ళోనూ జరగదు శీనా. నేనే పాపం దీపం కూడా బియ్యం డబ్బా వెనకాల దాచుకుని పెట్టుకుంటా ఉండా."

అప్పుడు నవ్వాను. అరవం లెక్కలో ఆషాఢమైన ఆడి నెల వచ్చాక నవ్వలేకపోయాను.

అత్త పుట్టిల్లు తిరువొత్తియూరు. వాళ్ళమ్మ ఏటా ఆడి నెలలో ఒక ఆదివారం గంగమ్మ పేరు చెప్పి వీధిలో వచ్చినవాళ్ళందరికీ రాగి అంబలి పోసేది. ఆ ఏడు ఆమె పోయింది. అంబలి కాచే ఇత్తడి గుండిగ అత్తకి వచ్చింది. ఈ ఒక్క ఏడు అమ్మ పేరు మీద మన కొట్టు ముందర పోస్తాను అని అత్త అడిగింది. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆమె నోరు తెరిచి అడిగింది అదే. మామ ఒప్పుకోలేదు. నా గుమ్మంలో గంగమ్మకి పని లేదన్నాడు. అంతటితో ఆగినా బాగుండేది. మరునాడు నేను కొట్టుకి వచ్చేసరికి ఆ గుండిగ మా బల్ల పక్కన ఉంది. నిండా వార్నిష్. మామ అందులో కాయిల్ ముంచుతున్నాడు.

అత్త క్యారియర్‌తో వచ్చి చూసింది. మామ తల ఎత్తకుండానే, "పాత్రే కదా. దాంట్లో దేవతని నువ్వు చూసినావా?" అన్నాడు.

"దేవతని చూడలా," అంది అత్త. "మా అమ్మని చూసినా."

క్యారియర్ బల్ల మీద పెట్టి, అట్నుంచటే తిరువొత్తియూరు తమ్ముడింటికి వెళ్ళిపోయింది.

వారం రోజులు మామ హోటల్ ఇడ్లీ తిన్నాడు. తర్వాతి ఆదివారం నన్ను తోడు తీసుకుని ఆమెను పిలవడానికి బయల్దేరాడు. వాళ్ళ గుమ్మం ముందు నిలబడి, "పోదాం పద శాంతా," అన్నాడు. అత్త లోపలి గడియారం కేసి తిరిగి చూసింది. నాలుగూ ముప్పావు.

"ఆదివారం రాహుకాలం. పెళ్ళాన్ని పిలవడానికి కూడా మీ దేవుడి టైముకే వచ్చినారే!"

"నాకు దేవుడేంది?"

"మరి ఎవురికి జడిసి క్యాలెండర్ చూసినారు? నా కోసం దణ్ణం పెట్టమనలా, బొట్టు పెట్టుకోమనలా. క్యాలెండర్ చూడకుండా ఒక్క తూరి వచ్చి పిలవండి. ఆ నిమిషమే చెప్పులేసుకుంటా." తలుపు వేసేసింది.

తిరుగు ట్రైన్‌లో నాకు ఒక ఉపాయం తట్టింది. అప్పటికి మా వీధిలోకి సెల్‌ఫోన్లు రాలేదు. కాయిల్ పనికి అడ్డమని మామ వాచీ కట్టడు. కొట్లో గోడ గడియారమే ఆయనకి లోకం. బుధవారం రాహుకాలం సరిగ్గా పన్నెండుకి. నేను పొద్దున్నే స్టూలెక్కి ముల్లు గంట ముందుకి తిప్పాను. ఆయన రాహుకాలం అనుకునే బయల్దేరతాడు, అత్త గడియారం ప్రకారం అది మంచి సమయమే అవుతుంది. ఇద్దరూ గెలుస్తారు, ఇల్లు నిలబడుతుంది. నా అబద్ధాలన్నిట్లోకీ పుణ్యం వచ్చే అబద్ధం ఇదొక్కటే అని మురిసిపోయాను.

మా గడియారం పన్నెండు కొట్టింది. మామ తల దువ్వుకుని చొక్కా మార్చుకుని గుమ్మం దిగాడు. రెండడుగులేసి ఆగిపోయాడు. ఎదురుగా శెట్టి కొట్టు షట్టర్ బారుగా తెరిచి ఉంది. శెట్టి ఎవరికో బిందె అమ్ముతున్నాడు.

"శెట్టి ఇంకా మూయలేదే!" అన్నాడు మామ. నా కేసి తిరిగాడు. "రేయ్, ముల్లు తిప్పినావా?"

నేను నేల చూపులు చూశాను. తిడతాడనుకున్నాను. ఆయన తిట్టలేదు. వెనక్కి వచ్చి మెల్లగా మెట్టు మీద కూర్చున్నాడు. శెట్టి షట్టర్ కేసి వేలు చూపించాడు.

"గడియారం అబద్ధం చెప్పింది శీనా. శెట్టి తలుపు నిజం చెప్పింది," అన్నాడు. "వాడి భక్తిని నమ్ముకుని బతుకుతా ఉండాన్రా నేను."

తర్వాత గుండిగలో వార్నిష్ డబ్బాలోకి వంపేశాడు. థిన్నర్ పోసి గుడ్డతో రుద్దడం మొదలుపెట్టాడు. నేను సాయం పట్టబోతే చెయ్యి తోసేశాడు. ఎంత రుద్దినా అడుగున పసుప్పచ్చ మచ్చ పోలేదు. ఆ మధ్యలో ఎదురు షట్టర్ దిగిందో, మళ్ళీ లేచిందో, ఆయన తల ఎత్తలేదు. ఎప్పుడో లేచి, గుండిగ భుజానికెత్తుకుని "పద" అన్నాడు. తిరువొత్తియూరు స్టేషన్‌లో పెద్ద గడియారం ఉంటుంది. దాని కింద నుంచి పోయేటప్పుడు ఆ ఆరడుగుల మనిషి కొత్త పెళ్ళికూతురిలా తల దించుకుని, చెప్పుల కేసి చూసుకుంటూ నడిచాడు.

అత్త గుమ్మంలోకి వచ్చింది. గుండిగ చూసింది. అడుగున మచ్చ చూసింది. వేలితో తడిమింది.

"ఇప్పుడు టైమెంతయింది?" అంది.

"చూడలా," అన్నాడు మామ.

అంతే. ఆమె చెప్పులేసుకుంది.

ఆ నెల చివరి ఆదివారం మా కొట్టు ముందర అంబలి పోసింది అత్త, శెట్టి దగ్గర కొన్న కొత్త గుండిగతో. మామ చేతులు జోడించలేదు. గ్లాసు పట్టుకుని వరసలో శెట్టి వెనకాల నిలబడి, తాగి, "ఉప్పు తక్కువ" అన్నాడు. పోయేదాకా నాస్తికుడిగానే ఉన్నాడు. పోయినప్పుడు ఆయన కోరినట్టే అత్త ఒక్క మంత్రం చదవనివ్వలేదు. ఏ టైముకి ఎత్తాలమ్మా అని ఎవరో అడిగితే, "అందరూ వచ్చినాక," అంది.

నాస్తికులు కూడా ఛాందసులవుతారా అని ఇప్పుడు ఫోన్లలో జనం కొట్టుకు చస్తుంటారు. చక్కగా అవుతారు. నేను ఒకాయన దగ్గర పనిచేశాను. ఉందనేవాడూ, లేదనేవాడూ ఒకే క్యాలెండర్‌కి వేలాడటం కళ్ళారా చూశాను. అయితే ఇంకోటి కూడా చూశాను. జీవితమంతా ఎదుటివాణ్ణి అడిగిన ప్రశ్న ఒకరోజు తన గుమ్మం ముందుకొచ్చి నిలబడితే, మామ తలుపు వెయ్యలేదు. ఆ పని చేయగలిగిన భక్తుణ్ణి గానీ నాస్తికుణ్ణి గానీ నేను ఆ తర్వాత పెద్దగా చూడలేదు. నాలోనూ చూడలేదు.

మచ్చ గుండిగ ఇప్పుడు మా ఇంట్లో ఉంది, అత్త ఇచ్చింది. మిక్సీ కాయిల్ నిన్న సాయంత్రం నేనే చుట్టాను. స్విచ్ వెయ్యబోతుంటే మా ఆవిడ, "అంతా సరే గానీ, ఆ రోజు మీరు తిరువొత్తియూరులో దిగేసరికి టైమెంత? రాహుకాలమా, కాదా?" అంది. ఈ కథ విన్నవాళ్ళందరూ అదే అడుగుతారు, భక్తులూ, నాస్తికులూ.

మామ చూడలేదు. నేను చూశాను. చెప్పను.