శాండీకి పెట్టిన ముద్ద

రెండువేల సంవత్సరం మార్చిలో, సిడ్నీ పడమటి వైపు ఒక కుక్కల శిక్షణ కేంద్రంలో కెన్నెల్ హ్యాండ్‌గా చేరాను. అక్కడ అన్నిటికన్నా కింది ఉద్యోగం అదే. గదులు కడగాలి, బొచ్చు దువ్వాలి, తిండి పెట్టాలి. పైన ట్రైనర్లు, వాళ్ల పైన సీనియర్ ట్రైనర్ మార్గరెట్. నా చదువు సంతకం వరకే. అందుకని ఏ గిన్నె ఏ కుక్కదో తెలిసేలా రంగు చుక్కలు పెట్టి ఇచ్చింది ఆవిడ.

ఒక్కో కుక్క ఒక్కో పనికి తయారయ్యేది. చెవులు వినపడనివాళ్ల కుక్క, తలుపు గంట మోగితే వచ్చి కాలు తట్టాలి. చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లదైతే కిందపడ్డ తాళాలు తీసి ఒళ్లో పెట్టాలి. చూపు లేనివాళ్లను నడిపించేది రోడ్డు అంచు రాగానే ఆగాలి. దానికి హార్నెస్, అంటే పిడి ఉన్న పట్టీ, వేశారంటే డ్యూటీలో ఉన్నట్టే, ఎవరూ పలకరించకూడదు. తిండి విజిల్ ఊదాక, గిన్నెలోనే. చేత్తో పెట్టకూడదు.

నేను పెట్టాను.

మావారు అంతకుముందు నవంబరులో పోయారు. పారమట్టాలో ఒక ఆఫీసులో, రెండువేలు రాగానే కంప్యూటర్లు ఆగిపోకుండా వాటిలో ఏళ్ల అంకెలు సరిచేసే పని ఆయనది. కొత్త సంవత్సరం వచ్చింది, కంప్యూటర్లు ఆగలేదు, చూడడానికి ఆయన లేరు. భోజనం దగ్గర కూడా ఆయన కళ్లు కాగితాల మీదే ఉండేవి. పెరుగన్నం ముద్దలు చేసి నేనే నోటికందించేదాన్ని. ఆయన పోయాక కూడా నా చెయ్యి ఇద్దరికి కలిపేది. శాండీ అనే లాబ్రడార్ ఒంట్లో బాగాలేక గిన్నె ముట్టని రోజున, నా డబ్బాలోంచి ఒక ముద్ద పెట్టాను. తింది. ఇక నెలరోజులూ అదే.

శాండీ వెళ్లాల్సింది సుబ్బారావు అంకుల్ దగ్గరికి. గుంటూరు డాక్టరు, షుగరుతో చూపు పోయింది, గిరావీన్‌లో ఉండేవారు.

"ఏమ్మా, నా సారథి పాసవుతాడా? రెండేళ్లుగా మీ ఆంటీ చెయ్యి పట్టుకునే తిరుగుతున్నా. పెళ్లిలో కూడా అంతసేపు పట్టుకోలేదు. ఒక్కసారి హారిస్ పార్క్‌లో మన కొట్లకి వెళ్లి, నా కాఫీపొడి నేనే కొనుక్కోవాలి," అనేవారు.

పరీక్ష హారిస్ పార్కులోనే. మార్గరెట్ కళ్లకు గంతలు కట్టుకుని నడిచింది. మిఠాయి కొట్టు ముందు ఎవరో లడ్డూ తింటుంటే, శాండీ ఆ చేతి వైపు లాగేసింది. ఆవిడ మోకాలు స్తంభానికి కొట్టుకుంది.

చేతిని చూడడం దీనికి ఎవరు నేర్పారని అడిగింది. నేనేనన్నాను. ఆవిడ అరవలేదు. ఆరు వారాల గడువిచ్చింది. అప్పటికీ మారకపోతే శాండీని పెంచుకునేవాళ్లకు ఇచ్చేస్తారు, ముందు అడిగేది సిబ్బందినే అంది. అంకుల్ మళ్లీ వరుసలో చివరికి పోతారు. నిజం చెప్పాలి కదా, అది మారకూడదనే నా మనసు కోరుకుంది.

ఆరు వారాలు నన్ను దాని గదికి రానివ్వలేదు. తర్వాత మళ్లీ పరీక్ష పెట్టి, మార్గరెట్ నన్నే ఎరగా నిలబెట్టింది: మిఠాయి కొట్టు ముందు, చేతిలో పెరుగన్నం ముద్దతో. అంకుల్ పిడి పట్టుకుని వస్తున్నారు. పేరు పెట్టి పిలిస్తే చాలు, శాండీ పరీక్ష తప్పి నాదైపోయేది. పిలవలేదు. శాండీ ముక్కు కదిలింది. తల తిప్పకుండా నన్ను దాటి వెళ్లిపోయింది.

"పెరుగన్నం వాసనొస్తోంది, ఎవరమ్మా అక్కడ?" అన్నారు అంకుల్. హార్నెస్ వేసి ఉంది కనుక నేను పలకలేదు. ఆయన కాఫీపొడి కొట్టు దాకా వెళ్లారు. ముద్ద నేనే తిన్నాను.

తర్వాత పదకొండేళ్లు చేశాను. కొత్తగా చేరినవాళ్లకు మొదటిరోజే చెప్పేదాన్ని: కుక్క మనల్ని చూడకుండా దాటి వెళ్లిందంటే, మన పని మనం సరిగ్గా చేసినట్టు.